చిగుళ్ల బ్యాక్టీరియా, గుండె కణాలు, క్వెర్సెటిన్: డిష్‌లో పనిచేసింది ఒంట్లో పనిచేస్తుందా?

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. ఒకటి చదువుకు సంబంధించింది. ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కింద, చిగుళ్ల జబ్బు తెచ్చే పి. జింజివాలిస్ అనే బ్యాక్టీరియా పైపొర నుంచి తీసిన ఎల్‌పీఎస్ (లిపోపాలీశాకరైడ్)ను హెచ్9సీ2 గుండె కణాల మీద వేసి, ఇన్‌ఫ్లమేషన్ (మంట, వాపు తెచ్చే స్పందన) పెరిగాక దాన్ని క్వెర్సెటిన్‌తోనో మునగాకు సారంతోనో తగ్గించి చూపాలనుకుంటున్నారు. ఏ ఫ్లేవనాయిడ్ (క్వెర్సెటిన్ లాంటి మొక్కల రసాయనం) ఎంచుకోవాలని అడిగారు. రెండోది ఇంటి సంగతి. నాన్నగారికి నిరుడు స్టెంట్ వేశారు, బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, ఎవరో చెప్పారని క్వెర్సెటిన్ క్యాప్సూల్స్ తెచ్చుకున్నారు, వాడొచ్చా అని.

రెండోదానికి ముందుగా సూటిగా చెప్పేస్తాను. క్యాప్సూల్స్ పక్కన పెట్టించండి, ఈ వారంలోనే చిగుళ్ల డాక్టర్‌కు చూపించండి, గుండె మందులు ఒక్కటి కూడా ఆపకండి. ఎందుకో కింద వస్తుంది.

ఇక ప్రాజెక్టు సంగతి. హైదరాబాద్‌లో తార్నాక చుట్టుపక్కల ల్యాబుల్లో కణాలు పెంచుతూ చాలా ఏళ్లు గడిపాను, ఇప్పుడు విద్యార్థుల రిపోర్టులు దిద్దుతుంటాను. ఈ అంశం మీద వచ్చే రిపోర్టుల్లో గ్రాఫు దాదాపు ఒకేలా ఉంటుంది. ఎల్‌పీఎస్ వేస్తే గీత పైకి, ఫ్లేవనాయిడ్ వేస్తే కిందికి. పేరు మాత్రం మారుతుంది: ఒక ఏడాది క్వెర్సెటిన్, ఇంకో ఏడాది లూటియోలిన్, మరో ఏడాది నారింజెనిన్. ల్యాబులో కణాలు పెంచే డిష్‌లో దాదాపు అన్నీ పనిచేస్తాయి. అందుకే "ఏది" అని అడిగితే పెద్దగా తెలిసేదేమీ ఉండదు. ఎంత మోతాదులో, ఏ రూపంలో, ఒంట్లో ఏ చోట అని అడిగితేనే ప్రాజెక్టుకు ప్రాణం వస్తుంది.

మొదట నోటి నుంచి గుండె దాకా దారి చూద్దాం. ఆరోగ్యమైన చిగురుకూ పంటికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లకు మించదు. పిరియోడాంటైటిస్, అంటే చిగుళ్ల జబ్బు, ముదిరితే అది 5, 6, ఒక్కోసారి 8 మిల్లీమీటర్ల గుంత అవుతుంది. డెంటిస్టులు దాన్నే పాకెట్ అంటారు. దాని లోపలి గోడ పుండుపడి ఉంటుంది, గాలి ఆడదు, ఎప్పుడూ కాస్త రక్తం ఊరుతుంటుంది. పి. జింజివాలిస్‌కు కావలసింది సరిగ్గా ఇదే. దానికి ఆక్సిజన్ పడదు, రక్తంలోని హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుమున్న భాగం) మాత్రం కావాలి. బ్లడ్ అగార్ మీద పెంచితే ఆ హీమ్‌ను ఒంటికి పూసుకుని కాలనీలు నల్లగా తయారవుతాయి. అంటే చిగురు నుంచి కారే రక్తం జబ్బు లక్షణమే కాదు, ఆ క్రిమికి మేత కూడా. ఇది జింజిపైన్లు అనే ఎంజైములతో చుట్టూ ఉన్న ప్రోటీన్లను కోసుకుంటూ పోతుంది, మన రోగనిరోధక వ్యవస్థను తికమక పెడుతుంది. సంఖ్యలో తక్కువే ఉన్నా మొత్తం పాచిలోని మిగతా బ్యాక్టీరియాను చెడగొట్టగలదని దీనికి చెడ్డపేరు.

అన్నం నమిలినప్పుడు, బ్రష్ చేసినప్పుడు ఈ పాకెట్ల నుంచి కొన్ని బ్యాక్టీరియా రక్తంలోకి జారతాయి. మామూలుగా కొద్ది నిమిషాల్లోనే శరీరం వాటిని ఏరిపారేస్తుంది. వాటితోపాటు ఎల్‌పీఎస్ ముక్కలు, జింజిపైన్లు నిండిన చిన్న చిన్న పొర బుడగలు కూడా వెళతాయి. ఇవి కాక, చిగుళ్లలోనే తయారైన ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లు (ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచే సంకేత ప్రోటీన్లు) రక్తంలో కలుస్తాయి. ఐఎల్-6 కాలేయాన్ని తట్టి లేపితే అది సీఆర్పీని (ఇన్‌ఫ్లమేషన్‌కు గుర్తుగా కొలిచే ప్రోటీన్) వదులుతుంది. నా ఉద్దేశంలో గుండె కండర కణానికి నేరుగా తగిలేది ఎక్కువగా ఈ చివరిదే, సైటోకైన్ల జల్లు. ఎల్‌పీఎస్ మొదట తగిలేది రక్తనాళాల లోపలి పొరకూ తెల్ల రక్తకణాలకూ. మీ ప్రాజెక్టుకు ఇది చాలా ముఖ్యం, మళ్లీ వస్తాను.

కణం లోపల జరిగేది మీరు పాఠాల్లో చదివే ఉంటారు కాబట్టి త్వరగా దాటేస్తాను. క్రిములను పసిగట్టే రిసెప్టర్లలో టీఎల్‌ఆర్-4 ఈ ఎల్‌పీఎస్‌ను గుర్తుపడుతుంది (టీఎల్‌ఆర్-2 పాత్ర మీద వాదన ఉంది), జన్యువులను లేపే ఎన్ఎఫ్-కప్పా-బి ప్రోటీన్ న్యూక్లియస్‌లోకి చేరుతుంది, ఐఎల్-6, ఐఎల్-8, టీఎన్ఎఫ్, కాక్స్-2 జన్యువులు మేల్కొంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి. పి. జింజివాలిస్ ఎల్‌పీఎస్ ఈ.కోలై ఎల్‌పీఎస్ లాంటిది కాదు. రిసెప్టర్‌కు తగిలే భాగమైన లిపిడ్-ఏ దానిలో తయారీ వేరు, టీఎల్‌ఆర్-4 మీద దాని దెబ్బ బాగా బలహీనం. పెరిగిన పరిస్థితులను బట్టి దాని కొన్ని రూపాలు టీఎల్‌ఆర్-4ను రెచ్చగొట్టడానికి బదులు అడ్డుకుంటాయి కూడా. ఈ.కోలై పేపర్లు చూసి మోతాదు పెట్టుకుంటే ఎక్కడికీ చేరరు.

ఇంకో గందరగోళం కూడా తీసేద్దాం. నోటి బ్యాక్టీరియా గుండెకు చేసే కీడు అనగానే చాలామంది ఎండోకార్డైటిస్‌ను (గుండె లోపలి పొరకు, కవాటాలకు వచ్చే ఇన్‌ఫెక్షన్) తెచ్చి ఇందులో కలుపుతారు. అది వేరే కథ. అందులో ప్రధాన పాత్ర విరిడాన్స్ రకం స్ట్రెప్టోకాకస్‌లది. అవి దెబ్బతిన్న కవాటం మీద, లేదా అమర్చిన కవాటం మీద నిజంగా కాపురం పెడతాయి. ఆ ముప్పు ఎక్కువున్నవారికి పన్ను పీకే ముందు అమాక్సిసిలిన్ ఇస్తారు. స్టెంట్ మాత్రమే ఉన్నవారు ఆ జాబితాలో లేరు. ఇన్‌ఫ్లమేషన్ సంగతి అలా కాదు, నెమ్మదిగా ఏళ్ల తరబడి నడిచేది.

మనుషుల్లో రుజువు ఎంత ఉంది? అనుమానానికి సరిపడా ఉంది, తీర్పు చెప్పడానికి సరిపోదు. 1989లో ఫిన్లాండ్‌లో గుండెపోటు వచ్చిన 100 మందినీ, రాని 102 మందినీ పోల్చి చూస్తే పోటు వచ్చినవారి నోళ్లు అధ్వానంగా ఉన్నాయి. 2000లో మెడ రక్తనాళాల నుంచి తీసిన 50 కొవ్వు గడ్డలను పరీక్షిస్తే 44 శాతంలో చిగుళ్ల బ్యాక్టీరియా డీఎన్ఏ కనీసం ఒక రకమైనా దొరికింది. 2007లో ఇంకో మంచి ప్రయోగం జరిగింది. తీవ్రమైన చిగుళ్ల జబ్బున్న 120 మందిలో కొందరికి గట్టి చికిత్స చేసి, చేతి రక్తనాళం ఎంత బాగా వ్యాకోచిస్తుందో కొలిచారు. చికిత్స జరిగిన మర్నాడు పరిస్థితి ఇంకా దిగజారింది, ఆరు నెలలకు స్పష్టంగా మెరుగైంది. మర్నాటి దిగజారుడు నాకు ఇందులో అన్నిటికన్నా ఆసక్తికరం. పాకెట్లను కెలికితే రక్తంలోకి పోయే సరుకు రక్తనాళాలను నిజంగానే ఇబ్బంది పెడుతుందని అది కళ్లకు కట్టింది.

అయినా 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సాక్ష్యాలన్నీ తిరగేసి చెప్పింది ఇదీ: సిగరెట్, షుగర్ లాంటి ఉమ్మడి కారణాలను తీసేసినా చిగుళ్ల జబ్బుకూ గుండె జబ్బుకూ సంబంధం కనబడుతోంది, కానీ ఒకటి మరోదానికి కారణమని గానీ, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు ఆగుతుందని గానీ రుజువు కాలేదు.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే ఇలాంటి ఆశ ఒకసారి బెడిసికొట్టింది. కొవ్వు గడ్డల్లో క్లమీడియా న్యుమోనియే అనే ఇంకో బ్యాక్టీరియా కూడా దొరికేది. దాన్ని చంపితే గుండెపోట్లు తగ్గుతాయని 4,012 మంది గుండె రోగులకు ఏడాదిపాటు వారానికోసారి అజిత్రోమైసిన్ ఇచ్చారు. 2005లో ఫలితం వచ్చింది: ఏ తేడా లేదు. క్రిమి అక్కడ దొరికినంత మాత్రాన దోషి అయిపోదు. ఇంకోవైపు, ఇన్‌ఫ్లమేషన్ మాత్రం ఉత్త మాట కాదని 2017లో తేలింది. ఐఎల్-1 బీటాను అడ్డుకునే కనాకినుమాబ్‌ను గుండెపోటు వచ్చి తేరుకున్న 10,061 మందిలో పరీక్షిస్తే, 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం అన్నీ కలిపి 15 శాతం తగ్గాయి. కొలెస్ట్రాల్ ఏమీ తగ్గకుండానే! అయితే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడానికి కూడా ఒక ధర ఉంటుంది. "సహజమైనది కాబట్టి హాని లేదు" అనేవారికి ఈ ముక్క వినిపించాలి.

ఇప్పుడు ఫ్లేవనాయిడ్లకు వద్దాం. మన వంటింట్లో వీటికి లోటు లేదు. ఉల్లిపాయలో, మునగాకులో, జామాకులో క్వెర్సెటిన్ జాతి ఉంది. బత్తాయి, కమలాల తొక్క కింది తెల్లటి పొరలో హెస్పెరిడిన్ ఉంది. టీలో కేటెచిన్లు, నేరేడు పండు రంగులో ఆంథోసయనిన్లు. కానుగలో ఉండే కరంజిన్ కూడా ఈ కుటుంబమే. ఏ ఆహారంలో ఏది ఎంతుందో కావాలంటే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారాలతో వేసిన పట్టికలు తిరగేయండి, పాలీఫినాల్స్‌కు అందులో విడిగా పట్టిక ఉంది. పసుపులోని కర్క్యుమిన్ మాత్రం ఫ్లేవనాయిడ్ కాదు. తులసిలోని రోజ్‌మరినిక్ ఆమ్లమూ కాదు. రిపోర్టుల్లో ఈ రెండింటినీ ఫ్లేవనాయిడ్ల కింద రాసి వైవాలో దొరికిపోయేవారు ఏటా ఉంటారు.

డిష్‌లో ఇవి చేసే పని నిజమే. ఎన్ఎఫ్-కప్పా-బి న్యూక్లియస్‌లోకి వెళ్లకుండా ఆపుతాయి, ఎన్ఆర్ఎఫ్-2 ద్వారా కణం సొంత యాంటీఆక్సిడెంట్ ఎంజైములను లేపుతాయి, కాక్స్-2ను తగ్గిస్తాయి. పేచీ అంతా మోతాదు దగ్గరే.

ఒక లెక్క వేసి చూద్దాం. పేపర్లలో తరచూ కనబడే మోతాదు 50 మైక్రోమోలార్ క్వెర్సెటిన్. దాని అణుభారం సుమారు 302. అంటే లీటరుకు 15 మిల్లీగ్రాములు. మనిషి ఒంట్లో ప్లాస్మా దాదాపు మూడు లీటర్లు, కాబట్టి ఒకే సమయంలో 45 మిల్లీగ్రాములు, అదీ ఏ మార్పూ లేకుండా, రక్తంలో తేలుతూ ఉండాలి. జరిగేది వేరు. ఉల్లిపాయ తిన్నాక క్వెర్సెటిన్ పేగు గోడ దాటుతుండగానే దానికి గ్లూకురోనైడ్, సల్ఫేట్, మిథైల్ గుంపులు తగులుకుంటాయి. కాలేయంలో ఇంకొన్ని. అన్ని రూపాలూ కలుపుకున్నా మామూలు భోజనం తర్వాత రక్తంలో కనబడేది సాధారణంగా ఒక మైక్రోమోలార్ లోపే. అందులో ఎక్కువ భాగం ఆల్బుమిన్‌ను పట్టుకునే ఉంటుంది. మీరు బాటిల్ నుంచి తీసి డిష్‌లో వేసే పసుపు పొడి రూపాన్ని నాన్నగారి గుండె కణం దాదాపు ఎప్పటికీ చూడదు.

ఎల్‌పీఎస్ వైపు కూడా ఇదే వరస. డిష్‌లో మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము వేస్తాం. రక్తంలో ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్‌కే ఇంకో పేరు) ఉండేది పికోగ్రాముల్లో. లక్షల రెట్లు ఎక్కువ విషం పోసి, దాన్ని వంద రెట్లు ఎక్కువ మందుతో తగ్గించి, "గుండెకు రక్షణ" అని శీర్షిక పెడితే నాకు దిద్దడానికి పెన్ను లేవదు.

న్యాయంగా చెప్పాలంటే ఫ్లేవనాయిడ్ల తరఫున ఒక గట్టి వాదన ఉంది. ఇన్‌ఫ్లమేషన్ ఉన్న చోట మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రక్షక కణాలు) బీటా-గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమును వదులుతాయి. అది గ్లూకురోనైడ్‌ను కత్తిరించి అసలు క్వెర్సెటిన్‌ను అక్కడికక్కడే విడుదల చేయగలదు. అంటే రక్తంలో తక్కువున్నా, మంట ఉన్న చోట కొంత ఎక్కువ ఉండొచ్చు. ఇది నిజంగా పరీక్షించదగ్గ ప్రశ్న, మీలాంటి వారికి అందుబాటులో ఉన్న ప్రశ్న కూడా.

పెద్ద అధ్యయనాల మాటేమిటి అంటారా. 1993లో వచ్చిన ఒక అధ్యయనంలో, నెదర్లాండ్స్‌లోని జూట్‌ఫెన్‌లో 65 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 805 మంది మగవారిని గమనిస్తే టీ, ఉల్లిపాయ, ఆపిల్ ద్వారా ఫ్లేవనాయిడ్లు ఎక్కువ తీసుకున్నవారిలో గుండె మరణాలు తక్కువ. అది గమనింపు మాత్రమే. 2022లో వచ్చిన కాస్మాస్ ట్రయల్‌లో 21,442 మందికి రోజూ 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్సో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చి చూశారు. మొత్తం గుండె సంబంధ ఘటనల్లో లెక్కకు నిలిచేంత తేడా రాలేదు. గుండె మరణాలు మాత్రం 27 శాతం తగ్గినట్టు కనబడింది, కానీ అది ప్రధాన ప్రశ్న కాదు కాబట్టి దాని మీద ఇల్లు కట్టలేం.

సరే, ప్రాజెక్టు ఎలా చేయాలి? మీ గైడ్‌తో మాట్లాడి ఈ మార్పులు చేయించుకోగలిగితే రిపోర్టు పదింటిలో ఒకటిగా మిగలదు.

హెచ్9సీ2 అనేది 1976లో ఎలుక (రాట్, మౌస్ కాదు) పిండం గుండె నుంచి తీసిన, ల్యాబులో పెరుగుతూనే ఉండే కణాల లైన్. అవి కొట్టుకోవు, పెద్దవాళ్ల గుండె కణాల్లా ఉండవు, కండరపు తొలిదశ కణాల్లా ఉంటాయి. చవక, గట్టివి, దొరుకుతాయి, అందుకే అందరూ వాడతారు. వాడండి, తప్పు లేదు, కానీ రిపోర్టులో "గుండె కణాలు" అని ఊరికే రాయకుండా ఏమిటో చెప్పండి. డిష్ పూర్తిగా నిండనివ్వకండి, నిండితే అవి అస్థి కండరం దారి పట్టి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. గుండె రకం వైపు మళ్లించాలంటే సీరమ్‌ను ఒక శాతానికి తగ్గించి రెటినాయిక్ ఆమ్లం ఇస్తారు. బడ్జెట్ ఉంటే మనిషి గుండె నుంచి వచ్చిన ఏసీ16 లైన్ మేలు.

ఇక్కడే ఒక విచిత్రం జరుగుతుంది. హెచ్9సీ2 ఎలుకది. ప్రోటీన్‌ను కొలిచే ఎలైజా కిట్ మాత్రం ఫ్రిజ్‌లో మిగిలి ఉన్న మనిషి ఐఎల్-6 కిట్. రీడింగు ఏదో ఒకటి వస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ కంటే రవ్వంత ఎక్కువ, దానికే మూడు స్టార్లు పెట్టి గ్రాఫు గీస్తారు. కిట్ డబ్బా మీద ఏ జాతిదో చదవండి. ప్రైమర్లకూ ఇదే మాట.

ఎల్‌పీఎస్ కొనేటప్పుడు అల్ట్రాప్యూర్ అన్నది తీసుకోండి. మామూలు తయారీల్లో లిపోప్రోటీన్లు కలిసి ఉంటాయి, అవి టీఎల్‌ఆర్-2ను తట్టి మీకు దొంగ ఫలితం ఇస్తాయి. ఎల్‌పీఎస్‌ను కణానికి అందించాలంటే సీరమ్‌లో ఉండే ఎల్‌బీపీ, సీడీ14 ప్రోటీన్లు కావాలి. కణాలను "ఆకలి" పెట్టాలని సీరమ్ పూర్తిగా తీసేసి, తర్వాత ఎల్‌పీఎస్ పనిచేయడం లేదని టెన్షన్ పడేవాళ్లను చూశాను.

మునగాకు సారం వాడితే ఇంకో గొయ్యి ఉంది. రైతు బజార్‌లో కొన్న ఆకు మీద మట్టి బ్యాక్టీరియా ఉంటుంది, దాని ఎండోటాక్సిన్ మీ సారంలోకి నిక్షేపంగా వస్తుంది. ఫిల్టర్ చేస్తే బ్యాక్టీరియా పోతుంది, ఎండోటాక్సిన్ పోదు. ఆటోక్లేవ్‌కూ లొంగదు. ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్ఏఎల్ పరీక్ష చేయించకుండా ఆకు సారాన్ని ఇన్‌ఫ్లమేషన్ ప్రయోగంలో పెడితే మీరు కొలిచేది ఏమిటో మీకే తెలియదు. తక్కువ మోతాదులో ముందే ఎండోటాక్సిన్ తగిలిన కణం రెండోసారి తగిలినప్పుడు తక్కువ స్పందించవచ్చు. అంటే మురికి సారం కూడా "యాంటీ ఇన్‌ఫ్లమేటరీ"లా కనిపించగలదు! ఈ ఒక్క కారణానికే మొదటి ప్రాజెక్టులో శుద్ధమైన అణువు వాడమంటాను.

కణాలు బతికున్నాయా అని ఎంటీటీ పరీక్ష చేస్తారు. క్వెర్సెటిన్ లాంటివి కణాల అవసరం లేకుండా తామే ఎంటీటీని ఊదా రంగుకు మార్చగలవు. కణాలు లేని బావుల్లో క్వెర్సెటిన్, ఎంటీటీ మాత్రమే వేసి చూడండి, ఊదా వస్తే సంగతి అర్థమవుతుంది. మీడియం తీసేసి పీబీఎస్‌తో కడిగాక ఎంటీటీ వేయడం, లేదా ఏటీపీ పద్ధతికి మారడం దీనికి మందు. క్వెర్సెటిన్ కణంలో ప్రోటీన్లకు అతుక్కుంటే ఆకుపచ్చగా మెరుస్తుంది కూడా, డీసీఎఫ్ అనే మెరిసే రంగుతో ఆర్ఓఎస్ (కణానికి హాని చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలు) కొలిచేవారు దీన్ని మరవకూడదు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అయితే మీడియంలోనే ఆక్సీకరణం చెంది హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. క్వెర్సెటిన్‌ను కరిగించే ద్రావకం డీఎంఎస్ఓ 0.1 శాతం దాటనివ్వకండి, దానికి విడిగా కంట్రోల్ పెట్టండి.

ముందు ఫ్లేవనాయిడ్ ఇచ్చి తర్వాత ఎల్‌పీఎస్ వేయడం సులువు, ఫలితం బాగా వస్తుంది. కానీ రోగి వచ్చేది జబ్బు పట్టాకే కదా. కనీసం ఒక సెట్‌లో ఎల్‌పీఎస్ ముందు, ఫ్లేవనాయిడ్ తర్వాత పెట్టండి.

నేనే మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను. టీహెచ్‌పీ-1 మాక్రోఫేజ్‌ల మీద పి. జింజివాలిస్ ఎల్‌పీఎస్ వేసి, అవి వదిలిన మీడియంను ఏసీ16 కణాలకు ఇస్తాను. రెండూ మనిషివే, కాబట్టి జాతి గొడవ ఉండదు. ఒంట్లో గుండె కణానికి తగిలే దెబ్బ కూడా దాదాపు ఇలాంటిదే అని పైన చెప్పాను. మీడియంతోపాటు మిగిలిన ఎల్‌పీఎస్ కూడా వస్తుంది కాబట్టి, అంతే ఎల్‌పీఎస్‌ను మాక్రోఫేజ్‌లు చూడని మీడియంలో కలిపి ఒక కంట్రోల్ పెడతాను. దాని మీద క్వెర్సెటిన్ 0.1, 0.5, 1, 10 మైక్రోమోలార్‌లలో, పక్కనే క్వెర్సెటిన్-3-గ్లూకురోనైడ్ అవే మోతాదుల్లో. ఒక మైక్రోమోలార్ దగ్గర ఏమీ జరగకపోతే అది వైఫల్యం కాదు, ఫలితమే, అలాగే రాయండి. గ్లూకురోనైడ్ మాక్రోఫేజ్‌ల దగ్గర పనిచేసి, ఒంటరి గుండె కణాల దగ్గర పనిచేయకపోతే ఎగిరి గంతేయండి, పైన చెప్పిన కత్తిరింపు వాదనకు అది సూచన.

ఇప్పుడు నా అసలు అభిప్రాయం. ఫ్లేవనాయిడ్లకు గుండె దగ్గర కంటే నోట్లోనే ఎక్కువ పని దొరుకుతుంది. గ్రీన్ టీని కొన్ని నిమిషాలు నోట్లో పట్టి ఉంచితే లాలాజలంలో చేరే కేటెచిన్లు, తాగాక రక్తంలో కనబడే వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పేగు, కాలేయం వాటిని మార్చే లోపే బ్యాక్టీరియాకు తగులుతాయి. ఈజీసీజీ లాంటివి జింజిపైన్ ఎంజైములను అడ్డుకుంటాయని ల్యాబులో తేలింది. డిష్‌లో వాడే మోతాదు నిజంగా సాధ్యమయ్యే చోటు ఒంట్లో ఇదొక్కటే అనిపిస్తుంది. ఊళ్లో మన తాతలు కానుగ పుల్ల, వేప పుల్ల నమిలేవారు. చార్మినార్ దగ్గర ఇప్పటికీ మిస్వాక్ పుల్లలు అమ్ముతారు. మిస్వాక్ విషయంలో క్రిములను చంపే ముఖ్యమైన సరుకు బెంజైల్ ఐసోథయోసయనేట్, అది ఫ్లేవనాయిడ్ కాదు, ఆవాల ఘాటుకు దగ్గరి చుట్టం. అయినా మంచిదే.

అయితే దీనికీ హద్దుంది. నోట్లో పోసుకున్నది ఏదైనా, టీ అయినా, జామాకు కషాయమైనా, క్లోర్‌హెక్సిడిన్ అయినా, చిగురు అంచు కింద పెద్దగా దిగదు. 6 మిల్లీమీటర్ల పాకెట్ అడుగున గార గట్టిపడి, దాని మీద బయోఫిల్మ్ పేరుకుని ఉంటే పుక్కిలింతలతో కదలదు. దాన్ని పరికరంతో గీకి తీయాల్సిందే.

నాన్నగారి విషయానికి వస్తే, ఆయన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ఆ రక్తం కొంత వాటివల్ల కూడా రావచ్చు. కానీ ఆరోగ్యంగా ఉన్న చిగురు ఈ మందులున్నా ఊరికే కారదు. మందులు ఆపి స్కేలింగ్‌కు వెళ్లాలని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. స్కేలింగ్‌లో వచ్చే రక్తాన్ని అక్కడే ఒత్తిపెట్టి ఆపగలరు, స్టెంట్‌లో గడ్డను అలా ఆపలేరు. స్టెంట్ ఎప్పుడు వేశారో, ఏ మందులో డెంటిస్టుకు చీటీతో సహా చూపించండి, కార్డియాలజిస్టుతో ఒక మాట అనిపించండి.

"స్కేలింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయి" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. పళ్లను వదులు చేసింది వాటి చుట్టూ ఎముకను తినేసిన జబ్బు. ఇన్నాళ్లూ గార సిమెంటులా పట్టి ఉంచడంతో అది బయటపడలేదు. మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి ప్రోబ్‌తో ప్రతి పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలిచి చార్టు రాస్తున్నారా లేదా చూడండి. కొలవకుండా "క్లీనింగ్" చేసి పంపేస్తే అడగండి. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో పిరియోడాంటిక్స్ విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లండి.

క్యాప్సూల్స్ ఎందుకు వద్దన్నానంటే, క్వెర్సెటిన్ ప్లేట్‌లెట్ల పనిని కూడా కొంత మందగింపజేయగలదని ల్యాబు ప్రయోగాలు చెబుతున్నాయి. పైన చెప్పిన ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ చేసేదీ అదే పని. ఎదురుగా లాభం రుజువు కాని చోట ఆ ప్రయోగం ఆయన మీద అనవసరం. ఉల్లిపాయ, మునగాకు పప్పు, జామపండు నిరభ్యంతరంగా తినొచ్చు. ఆయన వాడేది వార్ఫరిన్ లేదా అసిట్రామ్ అయితే మాత్రం ఆకుకూరలు ఒకరోజు గంపెడు, ఒకరోజు సున్నా కాకుండా రోజూ ఒకే తీరుగా ఉండాలి, వాటిలోని విటమిన్-కె వల్ల. అటోర్వాస్టాటిన్ వాడుతుంటే పంపరపనస రసం రోజూ గ్లాసులకు గ్లాసులు తాగడం మానుకోవాలి. అందులోని ఫ్యూరానోకౌమరిన్లు ఆ మందును విరిచే ఎంజైమును అడ్డుకుంటాయి, మందు రక్తంలో పేరుకుంటుంది. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ ఇప్పుడోసారి, చిగుళ్ల చికిత్స అయిన మూడు నాలుగు నెలలకు ఇంకోసారి చేయించండి. సగటున 0.4 శాతం దాకా తగ్గడం ట్రయల్స్‌లో కనిపించింది. గుట్కా, జర్దా, సిగరెట్ అలవాటుంటే ముందు దాని సంగతి చూడాలి. పొగాకు ఉన్నచోట చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గి, జబ్బు లోపల ముదురుతున్నా రక్తం కారకపోవచ్చు. మానేశాక కొన్ని వారాలు రక్తం ఎక్కువైనట్టు కనిపిస్తే కంగారు పడి మళ్లీ మొదలుపెట్టొద్దని ముందే చెప్పి ఉంచండి.

మీ ల్యాబులో ఏసీ16 లేదని, హెచ్9సీ2తోనే చేయాలని గైడ్ అంటే, మాక్రోఫేజ్‌లను కూడా ఎలుక జాతివే, ఎన్ఆర్8383 లైన్, తీసుకోండి. అది కూడా దొరక్కపోతే ఎల్‌పీఎస్ నేరుగానే వేయండి, కానీ మోతాదు మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఎక్కడ స్పందన మొదలైందో ఆ సంఖ్యను సిగ్గుపడకుండా అబ్‌స్ట్రాక్ట్‌లోనే రాయండి. వెల్ ప్లేటు లేఅవుట్ గీశాక ఇక్కడ పెట్టండి, కంట్రోల్స్ సరిపోయాయో లేదో చూసి చెబుతాను.